నంబరు లేని మనిషి

కడపలో పరుగు మొదలయ్యే గీత దగ్గర ఒక కొత్త మనిషి వచ్చి శివాని పక్కన నిలబడింది.

ముప్పై ఐదేళ్లుంటాయి. ఎండకు కమిలిన ముఖం. అందరి ఎద మీదా నంబరు ఉంది. ఆమెకు లేదు.

"నా వెనకాలే రా పాపా. ముందుకు పోవద్దు" అంది.

శివాని జవాబు చెప్పేలోపల ఓబుళేశు ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

ఓబుళేశు శివానికి మేనమామ. ఓర్వకల్లు బండల మధ్య ఐదేళ్లు ఉరికించి ఇంతదాకా తెచ్చింది అతనే.

"ఎవరు మామా ఆమె?"

"ఎవరైతేనేం. నంబరు లేకుండా ఉరికేదానికి గెలుపుతో ఏం పని? ఎవరో పంపినారు. మన తిరునాళ్లలో చేస్తారే, అదే ఇది."

ఊళ్ల పందేల్లో అది మామూలే. గెలవాల్సినవాడి కోసం ఇంకొకడు ముందు ఉరుకుతాడు. పక్క ఊరివాడు అతని వెంటబడి ఊపిరి పోగొట్టుకుంటాడు. వయసులో ఉన్నప్పుడు ఓబుళేశు చాలామందిని అట్లా ఓడించాడు.

"దాని దారిన పోవద్దు. దూరంగా ఉరుకు."

శివాని తల ఊపింది.

పది కిలోమీటర్లు ముప్పై ఆరు నిమిషాల లోపల ఉరికితే బెంగళూరు జట్టులో చోటు. నెల జీతం, కోచ్, దేశమంతా పోటీలు. లేకుంటే సోమవారం నుంచి ఫ్యాక్టరీలో ప్యాకింగు పని.

పరుగు మొదలైంది.

ఊరు దాటగానే ఎదురుగాలి తగిలింది. ఆ మనిషి శివానికి సరిగ్గా ముందుకు వచ్చింది. శివాని రోడ్డుకు అవతలి పక్కకు జరిగింది.

ఆమె కూడా అటే జరిగింది. శివాని మళ్లీ ఇవతలికి వచ్చింది.

ఓబుళేశు మోటారు సైకిలు మీద పక్కనే వస్తున్నాడు.

"ఏమమ్మా, ఈడ నీ ఆటలు సాగవులే. ఇంకెవర్నన్నా చూసుకోపో" అన్నాడు.

ఆమె ఒకటే తీరుగా ఉరికింది.

ఆరో కిలోమీటరు దగ్గర శివాని కాళ్లు బరువెక్కాయి. ఆ మనిషి వేగం తగ్గించి వెనక్కి చూసింది.

"రా పాపా. కొంచెమే ఉండాది. నన్ను పట్టుకో."

"చూస్తివా, ఎట్ల పిలుస్తాండాదో" అన్నాడు ఓబుళేశు.

శివాని పోలేదు. గాలికి ఎదురుగా ఒక్కతే ఉరికింది.

తొమ్మిదో కిలోమీటరు దాటాక ఆ మనిషి రోడ్డు దిగి నిలబడింది.

ఓబుళేశు నవ్వాడు. "అయిపోయె దాని పని. నీ పని చూసుకో."

శివాని ముగింపు గీత దాటింది. ముప్పై ఆరు నిమిషాల ఎనిమిది సెకన్లు.

బెంగళూరు జట్టు తరఫున వచ్చిన గోపీనాథ్ గడియారం వంక చూసి, ఆమె వంక చూశాడు.

"హంపమ్మ వెనకాల ఎందుకు ఉరకలేదమ్మా?"

"హంపమ్మ ఎవరు సార్?"

"నిన్ను ముప్పై ఆరు లోపల తెచ్చేదానికి మేం పెట్టిన మనిషి. పెద్ద పోటీల్లో ఇట్లా ఒకరుంటారు. గాలికి అడ్డముండి, వేగం తప్పకుండా తీసుకొచ్చి, చివర్లో తప్పుకుంటారు. వాళ్లకు నంబరుండదు. మీకు తెలుసనుకున్నాం."

ఓబుళేశు మోటారు సైకిలు దిగాడు.

"ఇంకోసారి ఉరుకుతా సార్."

"ఈ ఏడాదికి ఇంక లేదమ్మా. ఆ చోటు వేరేవాళ్లకు పోతుంది."

శివాని తను వచ్చిన రోడ్డు వంక తిరిగి చూసింది.

"ఆమె యాడుండాది సార్? ఒక మాట చెప్పాల."

"తప్పుకోగానే అట్నుంచటే ఆదోని బస్సెక్కి పోతానని ముందే చెప్పింది. మోకాలు అరిగిపోయిందమ్మా, ఇదే ఆమెకు ఆఖరి పరుగు."

గోపీనాథ్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"జట్టులో ఖాళీ అయింది ఆమె చోటే, నంద్యాలలో నీ పరుగు చూసి, అది ఈ పిల్లకే ఇయ్యండని ఆర్నెల్లు మా వెంటబడింది."