ఎవరు గెలిపించినట్టు?

ఫుట్‌బాల్ కోచ్ భార్య పోయి నెల తిరక్కముందే ఆయన్ని ఆఫీసుకు పిలిపించాడు క్లబ్ ప్రెసిడెంట్.

"మీరు సెలవులో ఉండగా మన కుర్రాళ్ళు నాలుగు మ్యాచ్‌లాడి నాలుగూ గెలిచారు. అంతకుముందు మీరున్న నాలుగింట్లో ఒకటే. ఇక మీరెందుకండీ?"

కోచ్ నోరు విప్పేలోపే ఆయన వెంట వచ్చిన జట్టు కెప్టెన్ అడ్డుపడ్డాడు. పన్నెండో ఏటి నుంచీ ఆయన దగ్గరే ఆట నేర్చినవాడు.

"అన్యాయం సార్! ఆ నాలుగూ మాస్టారి కోసమే గెలిచాం. ఆయన అంత దుఃఖంలో ఉన్నారని ప్రాణం పెట్టి ఆడాం."

"అంటే ఈయన పక్కనుంటే ప్రాణం పెట్టరన్నమాట," అంటూ ప్రెసిడెంట్ రాజీనామా కాగితం ముందుకు తోశాడు.

కెప్టెన్ నాలుక కరుచుకున్నాడు.

కోచ్ సంతకం పెట్టి అతని వైపు తిరిగాడు. "మరి నేనున్నప్పుడు ఎందుకు ఆడలేదురా అలా?"

కెప్టెన్ జవాబు కోసం తడుముకుంటుంటే చూడలేక, ఆయనే గది దాటి వెళ్ళిపోయాడు.