సున్నా రోజుల పని

మద్రాసు కంప్యూటరు ఏ పనికెన్ని రోజులో వందసార్లు పాచికలేసినట్టు లెక్కేసి చెబుతుందని ఇంజనీరు సుదర్శనం గొప్పలు పోతే, ఆ రాత్రి భార్య గోదాదేవి ఆరు గవ్వలు తీసింది. వెల్లకిలా పడ్డవెన్నో అన్ని రోజులు. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు.

అతను కట్టిస్తున్న తిరుచానూరు సత్రం గోడలకు మూడు, రంగులకు ఐదు పడ్డాయి. కొత్తగా పోసిన స్లాబును కింద మోస్తున్న సెంట్రింగు చెక్కలు విప్పడానికి మాత్రం అన్నీ బోర్లా. ఏడుసార్లు వేసినా అంతే. వీధిలో కుక్క కూడా మొరగడం లేదు.

“సున్నా రోజుల్లో ఏ పనైనా అయిపోతాదా?”

“కూలితే అయిపోతాది,” నవ్వుతూ టార్చి అందుకున్నాడు సుదర్శనం. “పొద్దున్నే విప్పాల. ఆడే పడుకుంటా.”

ఆమె సైకిలు తాళంచెవి కొంగున ముడేసింది. “ఈడే పడుకోండి.”

“సరేలే. వాచ్‌మన్ ఏకాంబరం పెండ్లాం బిడ్డలతో ఆ స్లాబు కిందే ఉండాడు గదా.”

గోదాదేవి చెయ్యి కొంగుముడి మీదికి పోయి ఆగింది.