పాలగిన్నె

"సాయంత్రం తూతూ వస్తోంది. నిన్నొకసారి చూసి పోతుందట."

అత్తగారు సల్కా ఆ మాటనేసి టీ పొయ్యి వైపు తిరిగింది. తెస్లెమ్ ఒంటి మీది బట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తూతూ సల్కాకు చెల్లెలు. ఆడది ఎంత లావుంటే అంత అందం, ఇంటికి అంత పరువు అని నమ్మే మనిషి. ఎడారిలో ఆమెకో గుడారం ఉంది. బక్కపిల్లల్ని అక్కడికి పంపితే, వానాకాలం ముగిసేసరికి గుమ్మంలో పట్టనంత లావు చేసి పంపిస్తుంది. పూటకో పెద్ద గిన్నెడు ఒంటెపాలు తాగాలి. తాగనంటే కాలివేళ్లను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కుతుంది. నువాక్షోత్ పట్నంలో చాలా ఇళ్లు ఆ పద్ధతికి ఏనాడో నీళ్లొదిలేశాయి. కానీ ఈ ఇంటి కోడలు చిక్కిపోతే తూతూ ఊరుకోదు.

తెస్లెమ్ చిక్కిపోయింది. అదీ కావాలని.

ఏడాది కిందట రెండో కాన్పులోనూ బిడ్డ దక్కలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది.

"ఈ బరువుతో, ఈ రక్తపోటుతో మళ్లీ కడుపొస్తే నువ్వే దక్కవు తల్లీ."

"మొన్న పదిరోజులు పస్తులున్నానమ్మా. కళ్లు తిరిగి పడ్డాను."

"పడవూ మరి? లేచాక రెట్టింపు తిని ఉంటావు. పస్తులొద్దు. ఏదీ మానకు. కూస్‌కూస్ తిను, పిడికెడు తగ్గించు. టీ మూడు గ్లాసులూ తాగు, చక్కెర సగం చెయ్యి. రోజూ నడువు. ఒకరోజు పెళ్లిభోజనం తిన్నావనుకో, కొంప మునగదు. మర్నాడు మళ్లీ మామూలుగా తిను. తొందర మాత్రం పడకు."

సల్కా ఆ గది పరదా అవతలే బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు చెవుడు కాబట్టి తెస్లెమ్ బతికిపోయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో దొంగబతుకే. ఒంటికి చుట్టుకునే మెలఫా కింద మొదట ఒక గౌను, తర్వాత రెండు, ఇప్పుడు మూడు. మొగుడితో చెప్పుకుందామంటే అతను నవాదిబూ రేవులో చేపల పడవ మీద ఉంటాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట: "అమ్మ చెప్పినట్టు విను."

అమ్మ చెప్పినట్టు వినడమంటే మాటలా! రోజూ సాయంత్రం టీ వేళకు సల్కాకు టీలో వేసే పుదీనా వాడిపోయినట్టు కనిపించేది.

"వీధి చివర కొట్టులో తేకు, అది గడ్డి. స్టేడియం అవతల దొరుకుతుంది. నడిచే వెళ్లు, బండెక్కితే పుదీనా నలుగుతుంది."

కోడల్ని కాల్చుకు తినడానికి ఇదో ఎత్తు అనుకునేది తెస్లెమ్. పనిలో పనిగా స్టేడియం చుట్టూ ఇంకో చుట్టు తిరిగి వచ్చేది.

భోజనానికి అందరిదీ ఒకటే పళ్లెం. కొవ్వున్న మాంసమంతా సల్కా తన వైపు లాక్కునేది. "పళ్లు లేనిదాన్ని, మెత్తటి ముక్కలు నాకు. గుమ్మడికాయ, క్యారెట్టు నువ్వు తిను" అనేది. మాంసంలో కూడా తనకు వంతు లేదా అని తెస్లెమ్ కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

అన్నిటికన్నా భయం పొద్దుటి పాలగిన్నె. కుండ దగ్గరికి సల్కా ఎవరినీ రానివ్వదు. తనే పోస్తుంది, పట్నం పాలకు రుచేముందని తిడుతూ ఎదురుగా కూర్చుంటుంది, చివరి గుక్క దాకా కదలదు. శుక్రవారం శుక్రవారం తెస్లెమ్ జబ్బను రెండు వేళ్లతో పట్టి చూస్తుంది. "ఊఁ" అంటుంది. అంతే. ఆ "ఊఁ" గుర్తొస్తే తెస్లెమ్‌కు నిద్ర పట్టదు.

ఆ పాలు తాగుతూ కూడా పద్నాలుగు కిలోలు తగ్గింది. నడక మహిమ అనుకుంది. ఇంకొక్క ఆరు తగ్గితే చాలు, బిడ్డ గురించి ఆలోచించొచ్చని నర్సమ్మ మాటిచ్చింది. ఇప్పుడు తూతూ గుడారానికి తీసుకుపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ తర్వాత ప్రాణానికీ భరోసా లేదు.

బయట కారు హారన్ మోగింది.

"సల్కా! ఏదీ నీ కోడలు?" తూతూ గొంతు వాకిట్లోంచే ఖంగుమంది.

సల్కా తెస్లెమ్ చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయి గడియ పెట్టింది.

"తీయి అవన్నీ."

"అత్తయ్యా..."

"తీయమన్నానా!"

ఒక గౌను, రెండో గౌను, మూడోది. చివరికి పల్చటి లోపలి చొక్కాతో నిలబడింది తెస్లెమ్. సల్కా ఆమె జబ్బను రెండు వేళ్లతో పట్టింది. వేళ్ల మధ్యకు వదులు చర్మమే వచ్చింది.

"ఊఁ."

సల్కా తిరిగి మూలనున్న పెట్టె దగ్గరికి నడిచింది. ఆమె నడకలో చిన్న కుంటు ఉంది. చిన్నప్పుడు పాలు తాగనని మొండికేసినందుకు వంకరపోయిన కాలివేళ్లు అవి. పెట్టె మూత తీసింది. పైనే రెండు పాత కర్రలు, తోలుతాడుతో కట్టి ఉన్నాయి.

తెస్లెమ్ కాలివేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుంది.

"అల్లా, నువ్వే దిక్కు" అని తనకే వినపడనంత మెల్లగా గొణిగింది.

"అల్లా ఉన్నాడులే, చేతులెత్తు ముందు" అంది సల్కా.

తెస్లెమ్ చేతులెత్తింది. బయట తూతూ తలుపు బాదుతోంది. నడుం చుట్టూ మెత్తగా ఏదో ఒత్తుకుంది. కళ్లు తెరిచి చూస్తే తలగడ. సల్కా దాన్ని తాడుతో బిగించి కడుతోంది.

"కదలకు, జారుతుంది," అంది సల్కా చెవి దగ్గరగా, "పరదా అవతల ఆ నర్సమ్మ మాటలు విన్ననాటి నుంచీ రోజూ నీ పాలగిన్నెలో సగానికి సగం నీళ్లు పోసుకుంటూ వచ్చినదాన్ని, ఇవాళ నిన్ను మా చెల్లి చేతికి దొరకనిస్తానుటే?"