అడ్డు పెట్టిన చెయ్యి

బండి సామాన్ల కొట్టులో, బల్ల మీది డబ్బా పైన ఎవరిదో చెయ్యి పడింది.

ఎడమ చెయ్యి. చివరి రెండు వేళ్ళు లేవు.

"ఇది వేయించకండి," అన్నాడు ఆ మనిషి.

బావ, బావమరిది ఒకేసారి తలెత్తారు.

డబ్బాలో ఉన్నది స్టీరింగ్ స్టెబిలైజర్. జీపు బావది. అడవి దారుల్లో తిరగడానికని ఈమధ్యే పొడుగాటి స్ప్రింగులు, పెద్ద టైర్లు వేయించి బండిని ఎత్తు చేయించాడు. అప్పటినుంచీ కాస్త వేగం అందుకుంటే చాలు, స్టీరింగ్ పూనకం వచ్చినట్టు ఊగిపోతోంది. తెల్లారితే భార్యనీ కూతుర్నీ ఎక్కించుకుని కొండ దారి పట్టాలి. పిల్ల నిద్రలో కూడా ఆ ప్రయాణాన్నే కలవరిస్తోంది.

"ఎవరయ్యా నువ్వు?" కొట్టు యజమాని గద్దించాడు.

"ఊపు ఎక్కడినుంచి వస్తోందో ముందు చూడండి. ఇది ఆ ఊపును అదిమి పెడుతుంది, అంతే. రోగం లోపలే ఉంటుంది. మీకు తెలియకుండా పోతుంది."

"డాక్టరుగారు వచ్చారు బావా! ముందు ఆయన వేళ్ళేమయ్యాయో చెప్పమను," బావమరిది నవ్వాడు.

ఆయన చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. డబ్బా మీంచి చూపు మాత్రం తీయలేదు.

"పక్క వీధి కొట్టువాడు పంపాడా?" అన్నాడు యజమాని.

"ఎవరూ పంపలేదండీ."

"మరి మేం ఇది కొనకపోతే నీకేంటి లాభం?" బావ నిలదీశాడు.



"లాభం లేదు బాబూ. నష్టమే."

ముగ్గురూ పగలబడి నవ్వారు.

"ఇక దయచెయ్యి. ఒకడి నోటి దగ్గర కూడు లాగేస్తే పుట్టగతులుండవు," అన్నాడు యజమాని.

ఆయన బయటికి నడిచాడు. వెళ్ళి గుమ్మం పక్కన, మురిక్కాలువ గట్టు మీద కూర్చున్నాడు.

యజమాని స్టెబిలైజర్ బిగించాడు. పనిలో పనిగా షాకబ్జార్బర్లు కూడా మార్చేద్దామన్నాడు. "అసలే ఎత్తు బండి. పాతవి దీనికి ఆగవు."

బావ సరేనన్నాడు.

"ఆ చేత్తోనే కింద కడ్డీ కూడా ఒకసారి చూడకూడదూ?" గుమ్మంలోంచి వినిపించింది.

"నీ మొహం చూడ్డమే ఎక్కువ, ఇంకా కడ్డీ కూడానా!" కసిరాడు యజమాని.

బావ బండిని రోడ్డు చివరిదాకా తోలి తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వెన్నలా తిరుగుతోందిరా! చిటికెన వేలు చాలు."

తాళం చెవి బల్ల మీద పడేసి మంచినీళ్ళ సీసా అందుకున్నాడు.

ఆ మనిషి లోపలికొచ్చాడు. చెవి తీసుకున్నాడు. గుమ్మం దాటి మురిక్కాలువలోకి విసిరేశాడు.

బావ చెయ్యి ఛెళ్ళుమంది.

బావమరిది కాలరు పట్టి గుంజాడు. చొక్కా జేబు చిరిగి వేలాడింది. యజమాని వెనకనుంచి ఒక్క తోపు తోశాడు.

పడ్డవాడు ఎదురు తిరగలేదు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ఇంకో చెవి ఉందా బాబూ?"

"ఎప్పుడో పోయిందిరా! రేపు నా పిల్లకి ఏం చెప్పాలి నేను?"

"ఇంట్లోనే ఆడుకోమని చెప్పండి," అన్నాడు మెల్లగా.

కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

కర్రతో ఎంత కెలికినా చెవి దొరకలేదు. అది లేనిదే స్టీరింగ్ తిరగదు. బండేమో కొట్టుకు అడ్డంగా నిలిచిపోయింది. ముందు చక్రాలను తోపుడు బల్ల మీదకెక్కించి పక్కకు లాగుదామని యజమాని తిట్టుకుంటూ జాకీ పెట్టాడు.

చక్రాలు నేలను వదలగానే కింద ఏదో ఠంగుమంది.

ముందు ఇరుసును పక్కకు జరగకుండా పట్టి ఉంచే కడ్డీ. ఒక కొస ఊడి వేలాడుతోంది. బోల్టు రెండు ముక్కలైంది. అది కూర్చోవాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది.

"బండి ఎత్తు చేసినప్పుడే ఇది చూసుకోవాల్సింది," యజమాని గొణిగాడు.

"కొండ మలుపులో ఊడి ఉంటే?" అన్నాడు బావమరిది.

కొత్త స్టెబిలైజర్ మాత్రం చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది.

బావ రోడ్డు మీదకు పరుగెత్తాడు. ఆయన లేడు. నాలుగు కొట్లలో అడిగాడు.

"ఆ పిచ్చోడా? మా దగ్గర కూడా తిట్లు తినే పోయాడు."

కడ్డీ మార్పించి, కొత్త చెవి చేయించేసరికి పిల్ల సెలవులు సగం అయిపోయాయి. ఎలాగైతేనేం, కొండ దారి ఎక్కారు. లోయ పక్కన పెద్ద మలుపులో, పంక్చర్లు వేసే ఆవిడ దగ్గర గాలి కొట్టించడానికి ఆగారు.

ఆవిడ వంగి బండి కిందకు చూసింది.

"స్టెబిలైజర్ కొత్తదేనా? కడ్డీ చూపించారా మరి?"

బావ ఉలిక్కిపడ్డాడు. "ఈ మాట నీకెవరు చెప్పారమ్మా?"

"ఇక్కడుండే పెద్దాయన. చేతికి రెండు వేళ్ళుండవు లెండి, ఇనప తాడు కోసేసింది. కడ్డీ ఊడి పడ్డ జీపులో ప్రాణం పోయిన పిల్లని, మీ పాప అంతది, ఆ లోయలోంచి ఎత్తుకొచ్చిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలా లేడు. రోజూ కొండ దిగిపోయి, కొట్ల ముందు నిలబడి బండ్లవాళ్ళని బతిమాలేవాడు."

"ఎక్కడున్నాడిప్పుడు? ఆయన కాళ్ళు పట్టుకోవాలి నేను."

"మొన్ననే ఖాళీ చేసి వెళ్ళిపోయాడు బాబూ, ఎక్కడికో చెప్పలేదు. గిరాకీ పడిపోతే ఏం తింటాడు? ఉన్న ఒక్క యంత్రమూ అమ్ముకున్నాడు."

"ఏం గిరాకీ?"

ఆవిడ మలుపు అవతలి రేకుల షెడ్డు వైపు గడ్డంతో చూపించింది.

తాళం వేసిన తలుపు మీద, ఎండకు వెలిసిపోయిన అక్షరాలు: "లోయలో పడిన వాహనములు క్రేనుతో పైకి తీయబడును."