మాడిన అంచు

సొంత దేశంలో, సొంత జనం ముందు పోర్చుగల్ జట్టు గ్రీసు చేతిలో యూరో కప్పు ఫుట్‌బాల్ ఫైనల్ పోగొట్టుకున్న రోజునే, టొరంటోలో కాపురమున్న పోర్చుగీసు ఇల్లాలు దియోలిందా తన ఇంటి సోఫాలో చోటు పోగొట్టుకుంది. ఉప్పునీళ్లలో ఊరిన గింజల పళ్లెం పట్టుకుని ఆమె నేలమాళిగ మెట్లు దిగడం, టీవీలో గ్రీసు ఆటగాడి తల తగిలి బంతి గోల్‌లో పడడం ఒక్కసారే జరిగాయి.

"వదిన కాలు పెట్టింది, కొంప మునిగింది," అన్నాడు మరిది బెల్మీరో.

గదిలో అందరూ ఆమె భర్త ఆర్మిందో వైపు చూశారు. అతను టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పైకెళ్లి చేప సంగతి చూడు," అన్నాడు. మళ్లీ కిందికి రమ్మని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఆ వీధిలో అందరిళ్లలోలాగే వాళ్లింట్లోనూ రెండు వంటిళ్లు. కింద వండుకుంటారు, తింటారు, అరుచుకుంటారు. పైది చూపుకు. అప్పటినుంచి మ్యాచ్ ఉన్న రోజున చుట్టాలంతా కింద, ఆమె ఒక్కతీ పైన. నీళ్లు మార్చి మార్చి రెండు రోజులు నానబెట్టి ఉప్పు దించిన ఎండు కాడ్ చేపను, బంగాళాదుంపలతో కలిపి, ఆలివ్ నూనె పోసి పై ఓవెన్‌లో పెట్టేది. చాలాసార్లు అంచులు మాడేవి.

"అక్కా, నువ్వు చూసుకోవాల్సింది ఆ ఒక్క పళ్లెమే కదా. అదీ మాడుస్తావేం?" అనేది తోటికోడలు నతేర్సియా.

మాడిన రోజునే గెలుస్తున్నామని బెల్మీరో కనిపెట్టాక ఆ మాట ఆగిపోయింది. పారిస్‌లో అదే కప్పు గెలిచిన రోజున చేప బొగ్గయింది. ఆర్మిందో ఆ బొగ్గును మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

తనను పైకి పంపాడన్న ఒక్కదానికే కాదు ఆమెకు అతనితో విసుగు. ఊళ్లో అందరి తలుపులూ కిటికీలూ బిగించే వడ్రంగి, సొంత పెరటి కంచెలో ఊడిన పలకకు ఇన్నేళ్లలో ఒక్క మేకు కొట్టలేదు. పై గదిలో ప్లాస్టిక్ కవర్లయినా విప్పని ఆరు కుర్చీల సెట్టులో ఒకదాని కాలు విరిగిందని, అతకక పారేశానని ఒక రోజు తాపీగా చెప్పాడు. ఎవరూ కూర్చోని కుర్చీకి కాలెలా విరిగిందని ఆమె అడిగితే కొలత టేపు తీసుకుని పనికి బయల్దేరాడు. కుర్చీ కాలు అతికించలేని వడ్రంగిని కట్టుకున్నానని చుట్టాలందరి ముందూ అనేది. అతనూ వాళ్లతో కలిసి నవ్వేవాడు.

ఈ ఏడు చలికాలం చివర్లో ఆర్మిందో పోయాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి మ్యాచ్‌కు అందరూ అలవాటుగా ఆమె ఇంటికే వచ్చారు. అతని ఎర్ర మఫ్లర్‌ను సోఫాలో అతని చోట పరిచారు. నల్లబట్టల్లో ఉన్న తల్లిని కూతురు లూయిజా చేయి పట్టుకుని తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టింది.

బెల్మీరో ఇబ్బందిగా కదిలాడు. "వదినా, నాకైతే ఇలాంటి నమ్మకాలేం లేవు. కాకపోతే ఈ ఒక్క మ్యాచ్ గట్టెక్కితే..."

"మొగుడు పోయినదాన్ని. ఇవాళైనా నన్ను కూర్చోనీ."

అందరూ ఒక కంట ఆటను, ఒక కంట ఆమెను చూశారు. కాసేపటికే అవతలి జట్టు గోల్ కొట్టింది.

"నేనేం అనలేదు," అన్నాడు బెల్మీరో.

"అనక్కర్లేదు. నీ మొహమే అంటోంది."

ఆమె లేచింది. లూయిజా చిన్నాన్న మీదికి పోట్లాటకు దిగబోతే వద్దంది. ఇరవై ఏళ్లలో కట్టుకున్నవాడే ఒక్క మాట సాయం రాలేదు, ఇప్పుడెవరొచ్చి ఏం లాభం అనుకుంటూ మెట్లెక్కింది.

చేపను ఓవెన్‌లో పెట్టింది. ఏప్రన్ విప్పింది. పెరటి తలుపు తీసి, కంచెలో ఊడిన పలకను పక్కకు జరిపి, ఎప్పటిలాగే పక్కింటి దెస్పినా వంటింట్లోకి వెళ్లింది.

దెస్పినా గ్రీకు ముసలమ్మ. ఆ ఫైనల్ తర్వాత తన ఇంటి మగవాళ్లెవరూ ఆమెను పలకరించగా దియోలిందా చూడలేదు. ఆమె టీవీలోనే దియోలిందా ఇన్నేళ్లూ ప్రతి మ్యాచూ చూసింది. గోల్ పడితే చేప గుర్తుండేది కాదు.

"ఆలస్యం చేశావేం? మీవాళ్ల మీద అప్పుడే ఒకటి పడింది," అంది దెస్పినా.

"దాన్ని కింద కూర్చుని చూసొచ్చాను. అందుకే పడిందట."

టీవీ ఎదురుగా మందపాటి పూలగుడ్డ తొడిగి ఉండే, తను ఎప్పుడూ కూర్చునే కుర్చీ వైపు నడిచి, ఆగిపోయింది. ఇవాళ గుడ్డ లేదు. వీపు చెక్క మీద చెక్కిన ద్రాక్షగుత్తులు కనిపిస్తున్నాయి. తన ఇంటి పై గదిలో కుర్చీల మీద ఉన్నవీ అవే. నాలుగు కాళ్లూ గట్టిగా ఉన్నాయి.

"మేం గెలిచిన వారంలోనే మీ ఆయన మోసుకొచ్చాడు," అంది దెస్పినా. "తమ్ముడి ముందు నాకు నోరు పెగలదు, మా ఆవిడను పెరట్లోంచి పిలిచి ఆట నువ్వే చూపించు అన్నాడు. కంచె పలక మేకులు పీకిందీ ఆయనే. తను ఉన్నంతకాలం గుడ్డ తీయొద్దన్నాడు. కూర్చో."

దియోలిందా కూర్చోలేదు. వీపు చెక్క పట్టుకుని నిలబడింది. టీవీలో పోర్చుగల్ గోల్ కొట్టింది. గోడ అవతల నేలమాళిగలోంచి, ఎవరూ లేని పై వంటింటి వైపు తిరిగి బెల్మీరో కేకలు పెడుతున్నాడు. "మాడనీ వదినా, మాడనీ!"

పై గదిలో ఇప్పటికీ ఐదు కుర్చీలే. ఆరోదాన్ని ఆమె ఇంకా ఇంటికి తెచ్చుకోలేదు.