కెరటం ఎవరిది?

పేరు దొంగిలిస్తే అదీ ఒక దొంగతనమేనా అని గురునాథరావు ధీమా. జాలరిపేటలో రత్నరాజు ‘కెరటం చేపల పులుసు’కి జనం ఎగబడడం చూసి, ఊళ్లో పొలం అమ్మేసి, అదే పేరుతో ద్వారకా నగర్‌లో హోటల్ తెరిచేశాడు. బేరం ఊపందుకుంటుండగా రత్నరాజు కోర్టుకెక్కాడు. పేరు పోతే హోటల్‌కి తాళమే. పొలం ఎలాగూ లేదు.

ముందు ఎవరు వాడితే పేరు వాళ్లదేనట. రత్నరాజు అయిదేళ్ల నుంచి వాడుతున్నానని రాసిచ్చాడు.

‘వెర్రిబాగులాడు, కాస్త పెంచి చెప్పుకోవడం కూడా రాదు’ అని నవ్వుకుని గురునాథరావు ఏకంగా పదేళ్లన్నాడు. మరి పాత బోర్డు కావాలి కదా! కొత్త రేకు మీద పేరు రాయించి, సముద్రానికి ఎదురుగా ఓ మేడ మీద కట్టించాడు. విశాఖ ఉప్పుగాలి ఊరుకుంటుందా? ఒక్క వానాకాలంలో దాన్ని తుప్పు పట్టించి ముసలిదాన్ని చేసేసింది. కోర్టులో అందరూ ఆ బోర్డుని భక్తిగా చూశారు.

రత్నరాజు తరపు లాయర్ పద్మావతి లేచింది.

“ఏడేళ్ల కిందట మధురవాడలో ఒక రిసెప్షన్‌కి ‘కెరటం’ పేరుతో పులుసు వెళ్లింది. అదీ మీదేనా?”

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఎదుటి లాయరే సాక్ష్యం అందిస్తుంటే కాదనేంత పిచ్చివాడా గురునాథరావు?

“మాదేనండి. నానే దగ్గరుండి వండాను.”

ఇంకేముంది, పేరు గురునాథరావుదేనని తీర్పు వచ్చింది.

వరండాలో రత్నరాజే ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. “పేరు నీదే బావా. నాను ఏరేది ఎట్టుకుంటాను.”

గురునాథరావుకి జాలేసింది. ఏదో మంచిమాట చెబుదామనుకునేలోపే ఎస్సై అడ్డొచ్చాడు.

“గురునాథరావు గారూ, ఆ రిసెప్షన్‌లో పులుసు తిని ఒకాయన చనిపోయాడు. వండినోడి కోసం ఇన్నాళ్లూ తిరుగుతన్నాం. జీపెక్కండి.”

“అయ్యబాబోయ్, అది నాను కాదండి! అప్పటికి నా హోటలే లేదు!”

“అయితే కోర్టులో దొంగ సాక్ష్యం చెప్పారన్నమాట. ఏ కేసు రాయమంటారు?”

దొంగకి తేలు కుట్టినట్టయింది గురునాథరావుకి. రత్నరాజు దగ్గరికొచ్చి, ఓదారుస్తున్నవాడిలా భుజం మీద చెయ్యేసి చెవిలో అన్నాడు.

“ఆ రోజు సేపలు కంపు కొడతన్నాయని మా ఆవిడ సెప్తానే ఉంది బావా, నానే ఇన్లేదు.”