అటక మీది యాంటెనా

ఎవరో తలుపు దబదబా బాదారు.

రెండు గంటలుగా కాచుకుని కూర్చున్న ఎమ్రిస్ ఒక్క ఉదుటున వెళ్ళి తీశాడు.

గుమ్మంలో అరవై ఏళ్ళ మనిషి. స్వెట్టరు వానకు తడిసింది. కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే చెప్పులు. ముఖం కందగడ్డలా ఉంది.

"చూడండి, నేను..."

"చూసేదేముంది? పదకొండింటికి వస్తానని ఒంటిగంటకు తగలడ్డావు. మీ దుకాణంలో గడియారం లేదా?"

"నేను చెప్పేది..."

"మూడు వారాల నుంచి మీరు చెప్పేది వింటూనే ఉన్నా. యాంటెనా పెట్టె పంపారు, బిగించే మనిషికే దిక్కు లేదు. లోపలికి రా."

ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలో యంత్రాల హోరు మధ్య మాట్లాడిన గొంతు ఎమ్రిస్‌ది. మామూలు మాటే అరుపులా ఉంటుంది. కోపమొస్తే ఇక చెప్పక్కర్లేదు.

ముందుగదిలో రేడియో హెచ్చు గొంతుతో గరగరలాడుతోంది. దానికి చెవి ఆనించి ఓల్విన్ కూర్చుని ఉంది. ఎమ్రిస్ భార్య. రెండేళ్ళ కిందట ఆమెకు చూపు పోయింది. ఆ వేల్స్ లోయలో ఏ స్టేషనూ సరిగా అందదు. ఆ రొదలోంచి పది మాటలకు ఒకటి ఏరుకుంటూ ఉంటుంది.

"ఇదీ మా బతుకు," అన్నాడు ఎమ్రిస్. "కళ్ళు ఎలాగూ తెచ్చివ్వలేను. ఈ పాడు డబ్బానైనా పలికిద్దామంటే మీరు ఆడిస్తున్నారు."

"ముందు ఆయన్ని కూర్చోనివ్వు," అంది ఓల్విన్. అడుగుల చప్పుడు వినిపించిన వైపు ముఖం తిప్పింది. "ఏమీ అనుకోకండి. ఆయన కోపం మీ మీద కాదు. ఈ రొదతో అందరికీ తలనొప్పేనని నాకూ తెలుసు. కానీ కట్టేస్తే బావిలో కూర్చున్నట్టు ఉంటుంది నాకు."

వచ్చినాయన రేడియో వంక చూశాడు. ఆమె వంక చూశాడు.

"అటకెక్కడ?" అన్నాడు చివరికి.

"పనిముట్లేవి?"

"తేలేదు."

"బాగుంది సంబడం."

ఎమ్రిస్ విసురుగా తన స్క్రూడ్రైవరు చేతిలో పెట్టి, నిచ్చెన వేశాడు.

"పైన పొగగొట్టానికి కట్టవా?"

"దాని ఇటుకలు వదులయ్యాయి, గాలికి కూలుతుంది. అటకలోనే పెడదాం. మీది పలకరాళ్ళ కప్పు. సిగ్నలు లోపలికి వస్తుంది."

"నీకేం, వానలో ఎక్కే పని తప్పింది."

ఆయన యాంటెనాతో అటకెక్కి దూలాల మీద మోకాళ్ళతో పాకాడు.

"ఇప్పుడు?"

"అదే రొద," నిచ్చెన మీంచి అరిచాడు ఎమ్రిస్. "టవరు ఈ కొండకు అవతల ఉంది. అటు తిప్పవయ్యా."

"తిప్పాను. కొండ అడ్డొస్తోంది. ఎదురు కొండకు తగిలి వెనక్కొచ్చేదాన్ని పట్టుకోవాలి."

"ఎక్కడ నేర్చావీ పని?"

"ఓడల్లో. ఇరవై ఏళ్ళు వైర్‌లెస్ గదిలో ఉన్నాను."

"ఆ ఓడలు ఒడ్డుకు చేరాయా అసలు?"

ఆయన యాంటెనాను అటకలో ఉన్న ఇనుప నీళ్ళ ట్యాంకుకు దూరంగా జరిపాడు. జానెడు ఇటు, బెత్తెడు అటు. జరిపిన ప్రతిసారీ ఎమ్రిస్ కింద ఉన్న ఓల్విన్‌ను అడగడం, పైకి అరవడం, తిట్టడం. గంటన్నర గడిచింది.

"ఆగండి," అంది ఓల్విన్ ఉన్నట్టుండి. "కదపకండి. పాట మధ్యలో ఆవిడ ఊపిరి తీసుకుంది. నాకు వినిపించింది."

ఆయన దిగేసరికి ఒళ్ళంతా దుమ్ము. మేకు గీసుకుని చెయ్యి నెత్తురోడుతోంది. నేరుగా రేడియో దగ్గరికి వెళ్ళి దాని గొంతు తగ్గించాడు.

"ఇంత చాలామ్మా?"

"ఇంకా తగ్గించినా వినబడుతుంది."

ఇంకా తగ్గించాడు. ఆమె ఒక్కదానికే వినిపించేంత వరకూ తగ్గించాడు. ఒకసారి గోడ వైపు చూసి బయటికి నడిచాడు.

"ఆలస్యం సంగతి నేను మరిచిపోనని మీ యజమానితో చెప్పు," అన్నాడు ఎమ్రిస్ వెనకనుంచి.

మర్నాడు పొద్దున మళ్ళీ తలుపు చప్పుడైంది. భుజాన పనిముట్ల సంచితో ఒక యువకుడు.

"నిన్న వ్యాను చెడిపోయింది. యాంటెనా బిగించాలన్నారు కదా?"

"నిన్నొచ్చి బిగించింది మీవాడు కాదా?"

"దుకాణంలో నేనొక్కణ్ణేనండీ." అతను అటకెక్కి చూసి దిగాడు. "ఎవరో గానీ భలే కట్టారు. నేనైతే ట్యాంకు పక్కన పడేసి పోయేవాణ్ణి."

ఎమ్రిస్‌కు మళ్ళీ కోపం వచ్చింది. ఈసారి అది ఎవరి మీదో తెలియలేదు. నిన్నొచ్చిన మనిషెవరని వీధిలో కనబడినవారినల్లా అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. పక్కింటి తలుపు తట్టబోయి మానేశాడు. ఆ ఇంట్లోకి ఎవరో దిగి రెండు వారాలైంది. ఇంతవరకూ పలకరించింది లేదు.

శనివారం రొట్టె కొనుక్కుని వస్తుంటే, ఆ ఇంటి ముందు నుంచి శవపేటికతో నల్లకారు మలుపు తిరిగి వెళ్ళిపోతోంది. ఒక నర్సు తలుపుకు తాళం వేస్తోంది.

"ఎవరు పోయారమ్మా?"

"టెగిడ్ గారి భార్య. క్యాన్సరు. ఆమెను తీసుకుని ఉత్తరాన సొంతూరు వెళ్ళిపోయారు. ఇక రారు." ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది. "రేడియో ఇల్లు మీదేనా?"

ఎమ్రిస్ తలూపాడు.

"మధ్య గోడ ఒక్క ఇటుక మందం. ఆ గరగరకు పాపం పది రోజులు కన్ను మూయలేదావిడ. ఏం చెప్పి ఒప్పించారో గానీ, పోయేముందు మూడు రాత్రులు హాయిగా నిద్రపోయింది."

"ఎవరు ఒప్పించింది?"

"ఆయనే. బద్దలుకొట్టయినా సరే ఆ రేడియో నోరు మూయించి వస్తానని మంగళవారం ఆమె మంచం పక్కనుంచి లేచి మీ ఇంటికొచ్చారు కదా."